పందిరి విప్పాక మిగిలేది

తెలుగువారి పెళ్లిలో వాడే వస్తువులను, వేడుక ముగిశాక అవి చేరే చోటును బట్టి మూడు రాశులుగా పోయవచ్చు. గుండిగలు, గంగాళాలు, జంపఖానాలు, కుర్చీలు ఎవరి దగ్గర నుంచి వచ్చాయో వారి దగ్గరికే తిరిగి వెళ్తాయి. అరటి బోదెలు, మామిడి తోరణాలు, విస్తళ్లు, పూలు కొన్ని వారాల్లోనో నెలల్లోనో మట్టిలో కలిసిపోతాయి. మూడో రాశిలోని థర్మోకోల్ పలకలు, ఫ్లెక్సీలు, నీళ్ల సీసాలు, పూత పూసిన పళ్లాలు, ప్లాస్టిక్ పూలు మాత్రం ఎవరికీ తిరిగి వెళ్లవు, ఏ మట్టిలోనూ కలవవు. మరునాటి ఉదయం చెత్త ట్రాక్టరెక్కి డంపింగ్ యార్డుకో, ఎవరూ చూడనప్పుడు ఊరి చివరి కాలువకో చేరతాయి. వీటికి తోడు కంటికి కనిపించని నాలుగో రాశి ఒకటుంది: జనరేటరులో, ఏసీల్లో, కార్లలో పొగగా మారిపోయే ఇంధనం. పర్యావరణహిత వివాహం అనే మాటకు ఇంతకన్నా తేలికైన నిర్వచనం అక్కర్లేదు. చివరి రెండు రాశులూ ఎంత చిన్నవైతే ఆ పెళ్లి నేలకు అంత తక్కువ బరువవుతుంది.

ఈ లెక్కను పెళ్లివారి ఖర్చుల పద్దు పక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. గత రెండు మూడు దశాబ్దాల్లో పెళ్లి పద్దులోకి కొత్తగా వచ్చి చేరిన ఖర్చుల్లో చాలావరకు, అంటే వేడుకకొక రంగస్థల అలంకరణ, తలకు రెండు మూడు నీళ్ల సీసాలు, నలభై రకాల వంటకాల బఫే, ఏసీ హాలు, అతిథులందరికీ ప్రతికానుకలు, ఇవన్నీ ఆ చివరి రెండు రాశులను పెంచేవే. కాబట్టి పొదుపు, పర్యావరణం అనేవి పెళ్లి విషయంలో రెండు వేర్వేరు లక్ష్యాలు కావు; ఒకే పద్దును రెండు వైపుల నుంచి చదవడమే. తెలంగాణలో 2014లో మొదలై, 2018లో రూ.1,00,116కు పెరిగిన కల్యాణలక్ష్మి, షాదీ ముబారక్ సాయం మీద ఆధారపడి పెళ్లి తలపెట్టే కుటుంబానికి కూడా పనికిరాని పర్యావరణ సలహా సలహాయే కాదు. బజారులో ‘గ్రీన్ వెడ్డింగ్’ పేరుతో అమ్ముడవుతున్న సరుకులో ఎక్కువ భాగం ఆ పరీక్షకు నిలవదు. మొలకెత్తే విత్తనాలు అద్దిన కాగితంతో చేసే శుభలేఖ మామూలు కార్డుకన్నా ఖరీదైనది, దాన్ని నాటేవారు అరుదు. నాలుగు మూలలా పసుపు రాసిన పలుచని ఒంటి కాగితం శుభలేఖ పెద్దవారికీ దగ్గరివారికీ చేతికిచ్చి, మిగిలినవారికి ఫోనులో పంపితే కాగితమూ మిగులుతుంది, డబ్బూ మిగులుతుంది.

పెళ్లికి నిజంగా కావలసినవి

తెలుగు పెళ్లి తంతుకు విధిగా కావలసిన సామగ్రిని వరసగా రాస్తే అది ఆశ్చర్యం కలిగించేంత చిన్న జాబితా. అంకురార్పణకు నవధాన్యాలు, వాటిని మొలకెత్తించే మట్టి పాలికలు, కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చే అయిరేని కుండలు, అంటే సున్నంతో రంగులతో చిత్రించిన పెళ్లి కుండలు, పెళ్లికూతురిని మేనమామ మోసుకొచ్చే వెదురు గంప, నలుగుకు సున్నిపిండి, వధూవరులకు మధుపర్కాలు, అంటే పసుపో ఎరుపో అంచున్న తెల్లని నూలు బట్టలు, జీలకర్ర, బెల్లం, పసుపుతాడు, తలంబ్రాల బియ్యం, హోమానికి సమిధలు, నెయ్యి. ఇందులో నేలకు బరువయ్యేది ఒక్కటీ లేదు. ప్రతి వస్తువూ కుమ్మరి, మేదరి, సాలె, రైతు వంటి ఒక వృత్తివారి చేతి నుంచి వచ్చేది. ఆ పాత ఏర్పాటును స్వర్ణయుగంగా చెప్పడం మాత్రం అన్యాయం. వృత్తుల వారికి దక్కిన ప్రతిఫలం కులం నిర్ణయించినదే తప్ప వారి శ్రమ విలువ నిర్ణయించినది కాదు. అయిదు రోజుల పెళ్లిళ్లు పొలాలను తాకట్టుకు పంపిన సందర్భాలూ తక్కువ కావు. వదులుకోవలసింది ఆ కట్టుబాటును, నిలుపుకోవలసింది ఆ వస్తువులను, వాటికి ఇవాళ ఇవ్వవలసింది గిట్టుబాటు ధరను.

తంతులోకి ప్లాస్టిక్ ఎలా చొరబడిందో చూపడానికి తలంబ్రాలను మించిన ఉదాహరణ లేదు. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి భక్తులు వడ్లను గోటితో ఒలిచి తలంబ్రాలు పంపే సంప్రదాయం ఉంది. గింజ విరగకూడదని, రోకటి పోటు తగలకూడదని తీసుకునే ఆ శ్రద్ధలో ధాన్యం పట్ల తెలుగువారికున్న గౌరవం అంతా ఉంది. అదే తలంబ్రాల పళ్లెంలో ఇప్పుడు చాలా పెళ్లిళ్లలో రంగురంగుల థర్మోకోల్ గుళ్లు, తళుకు కాగితపు ముక్కలు కలుపుతున్నారు. థర్మోకోల్ అంటే పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ను నురగలా ఉబ్బించిన పదార్థం. ఫొటోలో అందంగా రాలే ఆ గుళ్లు ఊడ్చినా చేటలోకి రావు, గాలికి మురుగు కాలువలోకి పోయి అక్కడి నుంచి చెరువుకు చేరతాయి. పసుపు కలిపిన బియ్యం మాత్రమే వాడితే, శుభ్రమైన దుప్పటి మీద రాలిన గింజలను ఎత్తి పిట్టలకు వేయవచ్చు. బాసికం, అడ్డుతెర, కొబ్బరి బోండాం, వధూవరుల పేర్ల పలక అన్నింటినీ ఇలాగే థర్మోకోల్ లేకుండా అలంకరించవచ్చు. వీటిలో థర్మోకోల్ అలంకరణ ఇప్పుడు అభిరుచికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, చట్టానికి సంబంధించినది కూడా. కేంద్రం 2021 ఆగస్టులో జారీ చేసి 2022 జులై 1 నుంచి అమలులోకి తెచ్చిన నిషేధపు జాబితాలో అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు, మిఠాయి పెట్టెలకూ శుభలేఖలకూ చుట్టే పలుచని ప్లాస్టిక్ పొర, 100 మైక్రాన్లకన్నా పలుచనైన బ్యానర్లు ఉన్నాయి. ఆ జాబితాను చదివితే అది పెళ్లి మండపాన్ని ఎదురుగా పెట్టుకుని రాసినట్లే అనిపిస్తుంది.

ముహూర్తం, మనుషులు, దారి

పెళ్లి ఖర్చుకూ దాని భారానికీ గుణకం అతిథుల సంఖ్య. భోజనం, విస్తరి, నీళ్లు, తాంబూలం, కుర్చీ, వాహనం నిలిపే చోటు అన్నీ తలకు లెక్కే కాబట్టి, అయిదు వందల మంది జాబితాను మూడు వందలకు తగ్గించిన కుటుంబం ఒక్క నిర్ణయంతో సాధించేది, మిగతా పొదుపులన్నీ కలిపినా రాదు. ఇది చెప్పినంత తేలిక కాదు. చదివింపుల ఆచారం ఉన్న సమాజంలో పిలుపు అంటే బాకీ తీర్చడం కూడా. ఒకరి ఇంటి శుభకార్యానికి ఇచ్చిన నూటపదహార్లు, తమ ఇంటి శుభకార్యానికి తిరిగి రావడం, ఆ వివరాలు చదివింపుల పుస్తకంలో భద్రంగా ఉండటం అనేది పేదవారికి వడ్డీ లేని అప్పులా పనిచేసిన పరస్పర సాయ వ్యవస్థ. అందువల్ల జాబితాను కోయడంకన్నా వేడుకలను కోయడం మర్యాదగా ఉంటుంది. నిశ్చితార్థం, హల్దీ, మెహందీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్ అని ఆరు వేడుకలకు ఆరు అలంకరణలు, ఆరు విందులు పెట్టే బదులు, ఇంట్లో నలుగు, మండపంలో పెళ్లి, ఆ పూటే విందు అని ముగిస్తే పిలవవలసిన వారిలో ఎవరినీ వదులుకోవలసిన పని ఉండదు. హల్దీ పేరుతో జరిగేది నలుగే అయినప్పుడు, దానికి ప్లాస్టిక్ బంతిపూల గోడ ఎందుకో ఆలోచించవలసిన విషయం.

ముహూర్తం ఎంపికకు కూడా పర్యావరణంతో నేరుగా సంబంధం ఉంది. అర్ధరాత్రి లగ్నానికి ఫ్లడ్‌లైట్లు, జనరేటరు, రాత్రి బసలు కావాలి. పగటి లగ్నానికి వెలుగును సూర్యుడే ఇస్తాడు. పంచాంగంలో పగటి ముహూర్తాలు కొరత కావు, నడిమధ్యాహ్నపు అభిజిత్ లగ్నాన్ని శుభప్రదంగానే భావిస్తారు. మాసాల్లో మాఘం, అంటే ఇంచుమించు జనవరి చివర నుంచి ఫిబ్రవరి దాకా, పొదుపుకు అనువైనది: ఎండ ముదరదు కాబట్టి ఏసీ అక్కర్లేదు, కూరగాయలు చవక, బంతి చామంతులు విరివిగా దొరుకుతాయి. వైశాఖంలో పెళ్లి పెట్టుకుని హాలంతా చల్లబరచడానికి అయ్యే ఖర్చును మాఘంలో పందిరి కింద గాలే తీరుస్తుంది. ఒక లీటరు డీజిల్ మండితే 2.68 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కాబట్టి, జనరేటరు ఆగిన ప్రతి గంటకూ రెండు పద్దుల్లోనూ విలువ ఉంది.

వేదిక విషయంలో తెలుగు ప్రాంతాలకు ఒక సౌకర్యం ఉంది. అన్నవరంలో సత్యనారాయణస్వామి సన్నిధి వంటి క్షేత్రాల్లో పెళ్లిళ్లు జరిపే ఆచారం బలంగా ఉంది. తిరుమలలో పాపవినాశనం దారిలోని కల్యాణ వేదికలో 2016 నుంచి పురోహితుడినీ మంగళవాద్యాన్నీ దేవస్థానమే ఉచితంగా సమకూరుస్తోంది. తంతే అక్కర్లేదనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చి అధికారి ఎదుట సంతకాలు చేస్తే చాలు. తెలుగునాట నిరాడంబర వివాహం కొత్త ఆలోచన కాదు. త్రిపురనేని రామస్వామి ‘వివాహ విధి’ పేరుతో తెలుగులోనే పెళ్లి తంతును రచించారు, అభ్యుదయ ఉద్యమాలు దండల పెళ్లిళ్లను ఊరూరా పరిచయం చేశాయి. వారి ఉద్దేశం సమాజ సంస్కరణే అయినా, దండల పెళ్లిలో మిగిలే చెత్త రెండు పూలదండలే.

ప్రయాణాన్ని ఎవరూ పెళ్లి ఖర్చుగా రాయరు, కానీ భారంలో దాని వాటా పెద్దది. యాభై మంది వంద కిలోమీటర్ల దూరం వెళ్లి రావాలనుకుంటే, లీటరుకు నాలుగు కిలోమీటర్లు నడిచే పెళ్లి బస్సుకు యాభై లీటర్ల డీజిల్ సరిపోతుంది. అదే యాభై మంది నలుగురేసి చొప్పున పదమూడు కార్లలో, లీటరుకు పదిహేను కిలోమీటర్ల చొప్పున వెళ్తే 170 లీటర్లు దాటుతుంది. మూడు రెట్లకు మించిన ఈ తేడాకు, పెళ్లి బస్సులో పాటలతో, అరుపులతో, జంతికల డబ్బాలతో సాగే ప్రయాణపు సంతోషం అదనం. విదేశాల్లోని తెలుగువారి విషయంలో లెక్క ఇంకా గట్టిది. అమెరికా నుంచి ఒకరు విమానంలో వచ్చి వెళ్లడం వల్ల తలకు పడే ఉద్గారాలు ఒక సగటు భారతీయుడి ఏడాది ఉద్గారాలతో ఇంచుమించు సమానం. అక్కడొక పెళ్లి, ఇక్కడొక రిసెప్షన్ అని రెండు గుంపులను రెండు దిక్కులా తిప్పడంకన్నా, ఒకే చోట ఒకే వేడుక జరిపి, రాలేని వారికి తెర మీద చూపించడం మేలు.

విస్తరి దగ్గర

పెళ్లి పర్యావరణం అసలు తేలేది విస్తరి దగ్గరే. తెలుగువారికి మూడు రకాల ఆకు విస్తళ్లు తెలుసు. గోదావరి జిల్లాల్లో, రావులపాలెం చుట్టుపక్కల అరటి తోటలు ఉన్నంతవరకు అరటాకుకు లోటు లేదు. తెలంగాణ పల్లెల్లో మోదుగాకు విస్తరి వాడుక. ఉత్తరాంధ్ర మన్యంలో అడ్డాకు. అడ్డ అనేది తూర్పు కనుమల అడవుల్లో చెట్లను అల్లుకుని పెరిగే పెద్ద తీగ. వెడల్పైన దాని ఆకులను ఆదివాసీ మహిళలు ఏరి, ఎండబెట్టి, సన్నని వెదురు పుల్లలతో కుట్టి సంతకు తెస్తారు. కలపను మినహాయించి అడవి ఇచ్చే తేనె, చింతపండు, ఆకుల వంటి వాటిని చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం వాటి మీద ఆదివాసీలకు హక్కు కల్పించింది, విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి పనిచేస్తున్న గిరిజన సహకార సంస్థ అటువంటి ఉత్పత్తులను కొంటుంది. మైదానంలో జరిగే ఒక పెళ్లికి వెయ్యి అడ్డాకు విస్తళ్లు కొంటే ఆ డబ్బులో కొంతైనా మన్యంలోని ఇళ్లకు చేరుతుంది. అదే డబ్బు పూత పూసిన కాగితం పళ్లానికి పెడితే చెత్తకుప్పకు చేరుతుంది.

ఇక్కడ కొనుగోలుదారు జాగ్రత్తగా చూడవలసిన మోసం ఒకటుంది. యంత్రంతో అచ్చొత్తిన ఆకు విస్తళ్లలో కొన్నింటికి ఆకు పైన మాత్రమే ఉంటుంది. అడుగున అట్ట, ఆ రెంటి మధ్య పలుచని పాలిథిన్ పొర ఉంటాయి. విస్తరిని ఒక అంచు దగ్గర చించి చూస్తే ఆ పొర సాగుతూ బయటపడుతుంది. కాగితం కప్పుల్లోనూ ఇదే పొర ఉంటుంది. ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు 2020లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, అటువంటి కప్పులో వంద మిల్లీలీటర్ల వేడి ద్రవాన్ని పదిహేను నిమిషాలు ఉంచితే దాదాపు 25,000 సూక్ష్మ ప్లాస్టిక్ రేణువులు అందులోకి చేరతాయి. కాఫీకి స్టీలు గ్లాసు, అది లేకుంటే పింగాణీ కప్పు వాడితే ఆ బెడద తప్పుతుంది. సిద్దిపేటలో స్టీలు పళ్లేలు, గ్లాసులు శుభకార్యాలకు ఇచ్చే ‘స్టీలు బ్యాంకు’ ఏర్పాటు ఉంది. అది లేని ఊళ్లలో టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. ఆకు మేలా, స్టీలు మేలా అనే ప్రశ్నకు జవాబు ఊరి నీటిని బట్టి ఉంటుంది. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే అనంతపురం పల్లెలో పళ్లేలు కడగడానికి నీరు ఖర్చు పెట్టడంకన్నా ఆకు వాడి పేడకుప్పలో వేయడం మంచిది. కాలువ నీరు పారే డెల్టాలో స్టీలు చవక. కడిగేటప్పుడు కుళాయి కింద కాకుండా, మెతుకులు తీసేయడానికొకటి, సబ్బు నీటికొకటి, తొలవడానికొకటి అని మూడు తొట్లు పెడితే నీరు బాగా ఆదా అవుతుంది.

నీళ్ల సీసాల లెక్క మరీ సూటిగా ఉంటుంది. అయిదు వందల మందికి తలకు రెండు చిన్న సీసాలు పెడితే వెయ్యి సీసాలు, వాటిలో చాలావరకు సగం తాగి వదిలేసినవి, మిగులుతాయి. తలకు అర లీటరు చొప్పున అయిదు వందల మందికి కావలసింది 250 లీటర్లు, అంటే ఇరవై లీటర్ల క్యాన్లు పదమూడు. క్యాన్లు తిరిగి వెళ్లిపోతాయి, జగ్గులు పట్టుకుని తిరిగే నలుగురు కుర్రవాళ్లకు కూలి ఇచ్చినా ఖర్చు తగ్గుతుంది.

విస్తరిలోకి ఏమి వస్తుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, 2022లో ప్రపంచమంతటా ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాల్లో కలిపి 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. కుప్పగా పడి గాలి ఆడక కుళ్లే అన్నం నుంచి మీథేన్ వెలువడుతుంది. వందేళ్ల కాలవ్యవధిలో చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకన్నా సుమారు 28 రెట్లు ఎక్కువగా వేడిని పట్టి ఉంచుతుంది. నలభై వంటకాల బఫేలో అతిథి ప్రతిదీ కొంచెం కొంచెం వేసుకుని ఏదీ పూర్తి చేయకపోవడం అతని తప్పు కాదు, ఆ ఏర్పాటు తప్పు. బంతి భోజనం ఇందుకు భిన్నమైనది. వరుసగా కూర్చున్నవారికి పులిహోర, పూర్ణం బూరె, ముద్దపప్పు, నెయ్యి, ఆవకాయ, కందబచ్చలి కూర, దప్పళం, అప్పడం, పెరుగు అని పది పన్నెండు పదార్థాలు మొదట కొద్దిగా వడ్డించి, తర్వాత అడిగి మారు వడ్డించే పద్ధతిలో పారేసేది తక్కువ, తృప్తి ఎక్కువ. అడగకుండా కుమ్మరించే వడ్డన అయితే బంతి కూడా బఫేతో సమానమే, కాబట్టి వడ్డించేవారికి ముందే చెప్పి పెట్టాలి. వంటకాలు తగ్గితే గ్యాసూ, వంటవారి కూలీ తగ్గుతాయి, ఆ ఊళ్లో ఆ రుతువులో పండే కూరలతోనే పని జరుగుతుంది.

ఎంత జాగ్రత్త పడినా కొంత మిగులుతుంది. దాన్ని పంచడానికి స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి, 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ వాటిలో ఒకటి. అయితే రాత్రి పదకొండుకు ఫోన్ చేసి అన్నం తీసుకుపొమ్మనడం సాయం కాదు, బరువు దించుకోవడం. వండిన ఆహారం అయిదు డిగ్రీలకూ అరవై డిగ్రీలకూ మధ్య వేడిమిలో గంటల తరబడి ఉంటే సూక్ష్మజీవులు పెరుగుతాయి. పెళ్లికి రెండు రోజుల ముందే సంస్థతో మాట్లాడి, చివరి బంతి లేవక ముందే మిగులును అంచనా కట్టి, చేయి తగలని గుండిగలో వేడిగా అప్పగించాలి. అన్నం తీసుకునే మనిషికి కూడా విందుకు వచ్చిన మనిషికి ఉన్నంత గౌరవం దక్కాలి.

బట్ట, బంగారం, పువ్వు

పూల గురించి చెప్పవలసింది కొంచెమే. కడియం నుంచో గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచో వచ్చే బంతి, చామంతి, కనకాంబరం, మల్లె దండలుగా కట్టి దారంతో వేలాడదీస్తే తర్వాత ఎరువుగా మారతాయి. వాటినే ఆకుపచ్చని ‘ఫ్లోరల్ ఫోమ్’ ఇటుకల్లో గుచ్చితే ఆ ఇటుక చేత్తో నలిపినా పొడిపొడి అయ్యే ప్లాస్టిక్ కాబట్టి, ఎరువు కూడా చెడిపోతుంది.

బట్టల్లో పొదుపు అంటే చవకది కొనడం కాదు, మళ్లీ కట్టుకునేది కొనడం. మంగళగిరి నూలు చీర, పోచంపల్లి ఇక్కత్, ఉప్పాడ జాందానీ, గద్వాల, నారాయణపేట పెళ్లయిన ఇరవై ఏళ్లకు కూడా పెట్టెలోంచి బయటికి వస్తాయి. ఒక్క రిసెప్షన్‌కు కొన్న బరువైన పాలిస్టర్ గౌను రాదు. అమ్మ పెళ్లి చీరను కూతురు ప్రధానానికి కట్టుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. పట్టు కోసం పురుగులను వేడినీటిలో చంపడం ఇష్టం లేనివారికి, రెక్కలొచ్చిన పురుగు బయటికి వెళ్లాక మిగిలిన గూటి నుంచి నూలు వడికే అహింసా పట్టు ఉంది. దాన్ని రూపొందించి ప్రచారంలోకి తెచ్చింది హైదరాబాద్‌కు చెందిన కుసుమ రాజయ్య. అది ఖరీదైనది, అందరూ కొనవలసిన పని లేదు.

బంగారం మాట ఈ చర్చల్లో సాధారణంగా రాదు, కానీ రావాలి. టన్ను రాయిని పిండి చేసి సైనైడ్ ద్రావణంతో కడిగితే దక్కే బంగారం చాలాచోట్ల కొద్ది గ్రాములే. ఆంధ్ర సరిహద్దుకు ఆవల ఉన్న కోలార్ గనులు 2001లో మూతపడినా, ఖనిజం తీయగా మిగిలిన పిప్పి గుట్టలు సైనైడ్ దిబ్బల పేరుతో ఇప్పటికీ ఆ ఊరిలో నిలిచి ఉన్నాయి, గాలి వీచినప్పుడల్లా ఆ దుమ్ము ఇళ్ల మీద పడుతుంది. ఇంట్లో ఉన్న పాత నగలను కరిగించి కొత్తవి చేయించడం తెలుగు ఇళ్లకు అలవాటే. మంగళసూత్రానికి కావలసిన రెండు పుస్తెలకు అది చాలు.

పెళ్లి తలపెట్టిన ఇంట్లో ఈ నిర్ణయాలకు ఒక వరస ఉంటే పని సులువవుతుంది. ముహూర్తం పెట్టించేటప్పుడే పురోహితుడిని పగటి లగ్నం చూడమనాలి. ఆ వెంటనే అతిథుల జాబితా, ఆ తర్వాతే వేదిక. వంటవారితో, అలంకరణ చేసేవారితో మాట్లాడుకునే కాగితం మీద ప్లాస్టిక్, థర్మోకోల్, ఫోమ్ వాడకూడదని రాయించాలి, లేకుంటే ప్యాకేజీలో భాగంగా అవి వచ్చి కూర్చుంటాయి. అనుమతి ఉన్న మండపంలో కాక ఖాళీ స్థలంలో వంద మందికి మించి పిలిచేవారు మూడు పనిదినాల ముందు స్థానిక సంస్థకు తెలియజేయాలని, తడి పొడి చెత్తను వేరుచేసి అప్పగించాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనలు చెప్పాయి. ఆ కబురు అందిస్తే చెత్తబండి కూడా వేళకు వస్తుంది. ఆరుబయట మైకుకు రాత్రి పదింటి దాకానే వీలుంది, పగటి పెళ్లికి ఆ చింత లేదు.

పెళ్లయిన మరునాడు పందిరి విప్పుతారు. రాటలు, వాసాలు వచ్చిన ఇంటికి వెళ్తాయి, తాటాకులు పశువుల పాక కప్పుకు ఎక్కుతాయి, అరటి బోదెలు ముక్కలై ఆవుల ముందుకు, విస్తళ్లు ఎరువు గుంటలోకి చేరతాయి. పాలికల్లో పెరిగిన నవధాన్యాల మొలకలను ఇంటి ఆడవాళ్లు తీసుకెళ్లి చెరువులో వదులుతారు, మట్టి పాలికలు గట్టు మీదే ఉండిపోతాయి.